యంత్రానికి చేసిన ప్రార్థన

మందిరం వెనక, పాస్టరు ఇల్లు
సోమవారం

ప్రియమైన చెల్లికి, ప్రభువు పేరట వందనాలు.

వందనాల దగ్గరే నీకు నవ్వొస్తుందని తెలుసు. నవ్వుకో. ఏళ్ళ తరబడి ఇలాగే రాసిన చెయ్యి ఇంకోలా మొదలుపెట్టలేదు.

నీ పత్రిక అందింది. నువ్వు పంపింది కాదు. పెద్దాయన తెచ్చి నా చేతిలో పెట్టాడు. పెద్దాయనంటే మా సంఘ కమిటీ అధ్యక్షుడు. ఆసుపత్రుల దుప్పట్లూ, హోటళ్ళ తువ్వాళ్ళూ ఉతికి ఇస్త్రీ చేసి పంపే లాండ్రీ ఆయనదే. కూలివాళ్ళ గురించి నువ్వు రాసిన వ్యాసంలో మొదటి వాక్యం కింద ఎర్ర గీత గీసుకొచ్చాడు. 'క్రైస్తవురాలిగా చెబుతున్నాను' అన్నావే, ఆ వాక్యం. ఆ తర్వాత ఆదివారం చేతులు జోడించి సోమవారం కూలి కోసే యజమానులని ఉతికి ఆరేశావు. గీత అక్కడ ఉంటుందనుకున్నాను. లేదు.

"తిడితే తిట్టనివ్వండి పాస్టరు గారూ. మన ఇంటి మనిషిలా తిట్టడమెందుకు?" అన్నాడు.

కమిటీ తరఫున కాదు, అన్నగా అడుగుతున్నాను. ఆ ఒక్క మాట వదిలెయ్. మందిరం గడప తొక్కి ఎన్నేళ్ళయింది నీకు? అమ్మని మట్టి చేసిన రోజున కూడా గేటు దగ్గరే నిలబడ్డావు. పాట పాడలేదు, కళ్ళు మూయలేదు. ప్రభు బల్ల దగ్గర రొట్టె తీసుకోవు. మరి ఆ పేరు ఏ హక్కుతో రాసుకుంటావు?

ఇక్కడ నా పరిస్థితి బాగాలేదమ్మా. పాటల బృందంలో ముందు వరసలో పాడే ఇస్త్రీ ఆవిడ నీకు గుర్తుండే ఉంటుంది. పెద్దాయన లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద రోలరు ఉంది. ఆవిడ కుడి చెయ్యి అందులో పడి నలిగింది. వేళ్ళు తీసేశారు. ఆవిడ పెద్దాయన మీద కోర్టుకెళ్ళింది. సహోదరుణ్ణి అవిశ్వాసుల ముందుకి ఈడ్వకూడదని వాక్యం ఉంది కదా అని కమిటీ తీర్మానం చేసింది. కేసు వెనక్కి తీసుకునేదాకా ఆవిడకి బల్ల ఆపారు. రొట్టె లేదు, ద్రాక్షరసం లేదు. పోయిన ఆదివారం ఆ తీర్మానం చదివింది నేనే. చదవడం పాస్టరు పని. ఆ రోలరు కొత్తగా వచ్చినప్పుడు ప్రతిష్ఠ ప్రార్థన చేసిందీ నేనే. కొట్టు తెరిచినా, బండి కొన్నా మమ్మల్ని పిలవడం ఇక్కడ అలవాటు.

మీ వదిన నిన్ను అడిగానని రాయమంది.

నీ అన్నయ్య

•

ప్రెస్సు మేడ మీద గది
గురువారం

అన్నయ్యకు,

ప్రభువు పేరట ఏమీ రాయడం లేదు. ఆయన్ని ఈ గొడవలోకి లాగినవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు.

ఆ పేరు నాకెక్కడిదని అడిగావు. మీకెక్కడిది? అది మనవాళ్ళు పెట్టుకున్న పేరే కాదు, సందుల్లో జనం వెక్కిరింతగా 'అదుగో, ఆ క్రీస్తు మనుషులు' అని పిలిస్తే అంటుకుపోయిందని చిన్నప్పుడు సండే స్కూల్లో నువ్వే చెప్పావు. ఆ వెక్కిరింత చుట్టూ హద్దురాళ్ళు పాతి, గేటు పెట్టి, తాళం తెచ్చి పెద్దాయన చేతికి ఎప్పుడిచ్చారు?

నేను బల్ల తీసుకోను. నిజమే. ఎవరి పక్కన కూర్చుని తీసుకోమంటావు? చెయ్యి నలిపిన యంత్రం ఎవరిదో ఆయన ముందు వరసలో రొట్టె అందుకుంటాడు. చెయ్యి పోగొట్టుకున్న మనిషికి రొట్టె లేదు. ఏ చేత్తో అందుకుంటుందిలే అనుకున్నారు కాబోలు!

కోర్టుకి ఈడ్వకూడదన్న ఆ బైబిలు వాక్యం రాసినాయన ఎవరి గురించి రాశాడు? సాటివాళ్ళైన అన్నదమ్ములు చిన్న తగాదాకి వీధిన పడకూడదని రాశాడు. మీ సంఘంలో ఒక సహోదరుడు జీతమిస్తాడు, ఒక సహోదరి చెయ్యి ఇస్తుంది. ఇదేం అన్నాచెల్లెళ్ళ లెక్క? పైగా కోర్టుకెళ్ళొద్దన్నవాడే మీలో మీరు కూర్చుని న్యాయం తేల్చమన్నాడు కదా. మీరు తేల్చారా? ఎవరిని కూర్చోబెట్టి విచారించారు? ముద్దాయే అధ్యక్షుడు. సగం వాక్యం ఆవిడ నెత్తిన కొట్టి, మిగతా సగం దాచుకున్నారు. దాన్ని నీ గొంతుతో చదివించారు. నాన్న గొంతు నీకొచ్చిందని అమ్మ మురిసిపోయేది. ఎందుకొచ్చిన గొంతు?

ఇక ఒక్కటి అడుగుతాను, సూటిగా చెప్పు. నేను రోజంతా ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ యంత్రాల పక్కనే బతుకుతున్నదాన్ని. కాగితాన్ని లోపలికి లాక్కునే ఏ యంత్రానికైనా ముందు అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. చెయ్యి దానికి తగిలితే యంత్రం ఆగిపోతుంది. దుప్పటిని లాక్కునే రోలరుకీ అది ఉండాలి. నువ్వు దాని ముందు నిలబడి ప్రార్థన చేశావు. ఆ రోజు కడ్డీ ఉందా?

వదినని అడిగానని చెప్పు. మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

చెల్లి

•

మందిరం వెనక, పాస్టరు ఇల్లు
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన చెల్లికి,

వందనాలు మానేశాను. సంతోషమా?

నువ్వు రాసింది మీ వదినకి చదివి వినిపించాను. 'ఎందుకొచ్చిన గొంతు' దగ్గర లేచి వెళ్ళిపోయింది. తర్వాత వచ్చి, "నిజమే రాసింది కానీ, కాస్త మెల్లిగా రాయచ్చు కదా" అంది. మోకాళ్ళు అలాగే ఉన్నాయి. సంఘం బళ్ళో రోజంతా నిలబడి పాఠం చెప్పాలి. ఆ బడి కమిటీదే, ఈ ఇల్లు కమిటీదే. వంటింటి కప్పు కారుతోందని వానలకి ముందు అర్జీ పెట్టుకున్నాను. వానలు వెళ్ళిపోయాయి.

నీకు సంఘమంటే కమిటీయే కనిపిస్తుంది. అమ్మ మంచంలో ఉన్నప్పుడు నువ్వెక్కడున్నావో నేను అడగలేదు, ఇప్పుడూ అడగను. వంతులు వేసుకుని వచ్చి అమ్మకి ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, ఆ వాసనలో కూర్చుని పాటలు పాడింది ఈ సంఘం ఆడవాళ్ళే. పెద్దాయన భార్య కూడా వచ్చేది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని నేల కడిగేది. ఆ వంతుల్లో ఇస్త్రీ ఆవిడ కూడా ఉండేది. వీళ్ళని ఏ గేటు బయట పెట్టమంటావు? నీ వ్యాసాల్లో మంచివాళ్ళు ఒక పక్క, చెడ్డవాళ్ళు ఒక పక్క ఉంటారు. నాకు అందరూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. వాళ్ళలో ఎవరు పోయినా మట్టి చేయాల్సింది నేనే.

ఇంకో మాట. ఆ పేరు నీ పత్రికలో రాసుకుంటే నీకు పోయేదేముంది? ఇల్లు పోదు, ఉద్యోగం పోదు. నాలుగు ఉత్తరాలు మెచ్చుకుంటూ వస్తాయి. కోప్పడకు, నిజం చెప్పు.

మొన్న ఇస్త్రీ ఆవిడని చూడబోయాను. తలుపు తీసింది కానీ లోపలికి రమ్మనలేదు. ఎడం చేత్తో జాకెట్టు గుండీలు పెట్టుకోవడం నేర్చుకుంటోంది. నేను నిలబడి ఉండగానే ఒక గుండీ జారింది, మళ్ళీ పెట్టుకుంది, మళ్ళీ జారింది. సాయం చేయలేను కదా. ప్రార్థన చేయనా అని అడిగాను. "ఇప్పుడొద్దులెండి అయ్యగారూ" అంది. పాస్టరుగా ఇన్నేళ్ళలో నాతో ఆ మాట అన్నది ఆవిడొక్కతే.

అలసిపోయాను. మళ్ళీ రాస్తాను.

అన్నయ్య

•

బస్‌స్టాండ్ విశ్రాంతి గది
శనివారం

అన్నయ్యకు,

ఎన్ని సంగతులు రాశావు! కప్పు కారడం, గుండీలు, అమ్మ పక్క మార్చడం. ఒక్క కడ్డీ సంగతి తప్ప.

కోపం తెచ్చుకో. నేను మీ ఊరొచ్చాను, మీ ఇంటికి రాకుండానే వెళ్ళిపోతున్నాను. వదిన మొహం చూస్తే పోట్లాడలేనని రాలేదు. తిన్నగా ఇస్త్రీ ఆవిడ ఇంటికెళ్ళాను. నీ చెల్లెలినని చెబితే గుమ్మంలోనే కాసేపు తేరిపార చూసింది. "గొంతు అయ్యగారిది కాదే" అంది. తర్వాత కుర్చీ వేసింది.

గది చిన్నది, శుభ్రంగా ఉంది. మడతపెట్టిన బట్టల మడతలు మాత్రం వంకరగా ఉన్నాయి. నేను వాటిని చూడటం గమనించి, "అవి చూడకండి, సిగ్గేస్తుంది" అంది.

పెద్దాయన లాయరు కోర్టులో ఏమన్నాడో నీకు తెలుసా? కడ్డీ మొదటి రోజు నుంచీ ఉందట. పని తొందరగా అవుతుందని ఈవిడే ఊడదీసిందట. తోటివాళ్ళందరికీ తెలుసు, ఎవరూ నోరు తెరవరు. వాళ్ళ పొయ్యి మీద కుండ ఆయన చలవ.

"మరి ఎవరూ చూడలేదా?" అన్నాను.

"చూడకేం? అయ్యగారు చూశారు" అంది, రేపు ఎండ కాస్తుంది అన్నంత మామూలుగా. "ప్రతిష్ఠ రోజు రోలరు మీద రెండు చేతులూ ఆనించి ప్రార్థన చేశారు. కడ్డీ ఉంటే అక్కడ చేతులు ఎలా ఆనుతాయమ్మా? నేను వెనకే ఉన్నాను, ఆమెన్ అన్నాను."

ఈ మాట ఎవరితోనూ ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను.

"అయ్యగారికి తెలుసుగా. తెలిసినాయనకి నేను చెప్పేదేముంది?"

ఆవిడకి బాధ చెయ్యి గురించి కాదు. "చెయ్యి సంగతి కోర్టు చూసుకుంటుంది. బల్ల ఎందుకాపారమ్మా?" అని పదే పదే అడిగింది. నీ మీదా, కమిటీ మీదా, యజమానుల మీదా నేనో ఉపన్యాసం ఇచ్చాను. ఓపిగ్గా విన్నది. చివర్లో, "మీరు బల్ల తీసుకుంటారా?" అంది. లేదన్నాను. "నన్ను ఆపారు కాబట్టి తీసుకోవట్లేదు. మిమ్మల్నెవరాపారు?" అంది.

దానికి జవాబు దారంతా వెతుక్కుంటూ బస్‌స్టాండుకొచ్చాను.

తన సంగతి పత్రికలో రాస్తానంటే చెయ్యి అడ్డంగా ఊపింది. కట్టు ఉన్న చెయ్యి. "నన్ను వ్యాసం చేయకండమ్మా."

నీ సంగతి చెప్పు. వాయిదా దగ్గర పడుతోంది. కడ్డీ ఉందా, లేదా?

చెల్లి

•

మందిరం వెనక, పాస్టరు ఇల్లు
బుధవారం

చెల్లికి,

లేదు.

చాలా? లేదు. కడ్డీ ఊడదీసి గోడకి ఆనించి ఉంది. రోలరుకి పూలదండ వేశారు. నేను చూశాను. "ఇదేమిటండీ, దీన్ని ఇక్కడ పెట్టారు?" అని అడిగాను కూడా. "పని సాగనివ్వదండీ అది. ఇలా ముట్టుకుంటే అలా ఆగిపోతుంది. మీరు కానివ్వండి" అన్నాడు పెద్దాయన. నేను కానిచ్చాను. ఆయన కళ్ళు మూశాడు, పనివాళ్ళు కళ్ళు మూశారు, నేనూ మూశాను. ఏమని ప్రార్థన చేశానో రాయమంటావా? ఈ యంత్రాన్ని ముట్టుకునే ప్రతి చేతినీ దీవించమన్నాను. ఇవే మాటలు. ఆ మధ్యాహ్నం వాళ్ళింట్లో భోజనం బాగుంది.

అందుకే నీకు జవాబు రాయలేదు. పోలీసులు అడగలేదు, లాయర్లు అడగలేదు, నువ్వు అడిగావు. కందిరీగ అని నాన్న నీకు ఊరికే పేరు పెట్టలేదు.

ఇస్త్రీ ఆవిడ లాయరు నిన్న వచ్చాడు. నువ్వే పంపావని దాచలేదు. సాక్ష్యానికి వస్తారా అన్నాడు. ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచించడానికి ఏముందని నువ్వంటావు. ఉంది. ఈ వయసులో కొత్త సంఘం నన్ను తీసుకోదు. యజమాని మీద సాక్ష్యం చెప్పిన పాస్టరుని ఏ కమిటీ తెచ్చుకుంటుంది? మీ వదిన ఉద్యోగం కూడా పోతుంది. ప్రసంగాల్లో సిలువ ఎత్తుకోవడం గురించి ఎన్నిసార్లు చెప్పానో! దాని బరువు సామాన్ల బండంత ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

మీ వదినతో చెప్పాను. కూరగాయలు తరుగుతూ విన్నది. ఏడుస్తుందనుకున్నాను. "చెప్పేదీ చెప్పందీ మీ ఇష్టం. చెప్పేటట్టయితే నాకు ముందే చెప్పండి. గిన్నెలు సర్దుకోవాలి" అంది. మళ్ళీ తరగడం మొదలుపెట్టి, "ఆవిడ మీ అమ్మకి గోళ్ళు తీసేది" అంది. అంతే.

నువ్వు మాత్రం నాకు ధర్మం చెప్పకు. నీకు ఇది గెలవాల్సిన వాదన. నాకు ఇది నా ఆదివారం.

అన్నయ్య

•

ప్రెస్సు మేడ మీద గది
ఆదివారం

అన్నయ్యకు,

ధర్మం చెప్పడం లేదు. నాలుగుసార్లు రాసి చించేశాను. మొదటిదాంట్లో నీ మీద అరిచాను. రెండోదాంట్లో బతిమాలాను. మిగతా రెండూ వ్యాసాల్లా ఉన్నాయి.

నువ్వన్నది నిజం. ఆ పేరు రాసుకుంటే నాకు పోయేదేమీ లేదు. పైగా లాభం. బయటివాళ్ళు తిడితే శత్రువులంటారు, లోపలి మనిషిని అని చెప్పుకుని తిడితే ధైర్యమంటారు. ఈ నెల వ్యాసంలోంచి ఆ వాక్యం తీసేశాను. మీ కమిటీ కోసం కాదు. వాళ్ళకి చెప్పకు, సంబరపడతారు.

కానీ వాదన మానేశానని అనుకోకు. పెద్దాయన ఎలాంటివాడన్నది కాదు నా కోపం. యజమానులు అలాగే ఉంటారు, వాళ్ళ పని అది. వాళ్ళ యంత్రాలకి దండలు వేసి, కళ్ళు మూసి, ఆమెన్ చెప్పడానికి మనకో దేవుడు కావాలా? అలాంటి దేవుడి పేరు పెట్టుకోవడం కన్నా ఏ పేరూ లేకుండా బతకడం నయం. ఈ ఒక్క ముక్క దగ్గర మాత్రం దిగిరాను.

మిగతాది నీ ఇష్టం. నువ్వు చెప్పకపోతే నిన్ను అన్నయ్యా అనడం మానేస్తానా? మానలేను. ఆ మధ్య అనుకున్నాను, కుదరదు. చెబితే మాత్రం సామాన్ల బండి ఇటే రానీ. ఉన్నది ఒకటే గది. వదినకి మెట్లు కష్టం. కింద కాగితం బేళ్ళు పెట్టే గది ఖాళీ చేయించమని ప్రెస్సు ఓనరుని అడిగాను. గొణిగాడు కానీ ఒప్పుకున్నాడు. తడి వాసన వస్తుంది. సున్నం వేయిస్తాను.

చెల్లి

•

మందిరం వెనక, పాస్టరు ఇల్లు
సోమవారం

ప్రియమైన చెల్లికి,

చెప్పాను.

కోర్టు హాలు మన సండే స్కూలు గదంత ఉంటుంది. అవే పొడుగు కిటికీలు. పెద్దాయన ముందు వరసలో కూర్చున్నాడు. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టాడు, అలవాటు కొద్దీ. నాకూ చెయ్యి దానంతటదే లేచింది.

కడ్డీ గోడకి ఆనించి ఉందన్నాను. నేను అడిగిన మాటా చెప్పాను, ఆయన చెప్పిన జవాబూ చెప్పాను. చెప్పడానికి నిమిషం కూడా పట్టలేదు. ఇన్ని నెలలు మోసింది ఇంత చిన్నదా అనిపించింది.

తర్వాత పెద్దాయన లాయరు లేచాడు. చురుకైనవాడు, నీకు నచ్చుతాడు. "అయ్యా, సహోదరుడి మీద కోర్టుకి రావడం తప్పని పుల్పిట్ మీద నిలబడి చదివింది మీరే కదా?" అన్నాడు. అవునన్నాను. "ఇప్పుడు మీరే వచ్చారు. మరి మీరు క్రైస్తవులేనా?" అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. జడ్జి ఆ ప్రశ్న అక్కర్లేదన్నాడు. నేనే జవాబు చెబుతానన్నాను.

నీకు చెప్పడానికి ఎన్ని జవాబులు కూడగట్టుకున్నానో నీకు తెలుసు. ఒక్కటీ రాలేదు. "ఆ రోజు ఆ రోలరు ముందు కాదండీ" అన్నాను. "ఇవాళో?" అన్నాడు. "నన్నడిగితే ఏం లాభం? ఆవిడనడగండి" అన్నాను. అడగలేదు. కూర్చోమన్నాడు.

తీర్పు ఇంకా రాలేదు. గెలుస్తుందో లేదో లాయరుకే తెలీదు. బయట వరండాలో ఆవిడ దగ్గరికి వెళ్ళాను. కృతజ్ఞత చెబుతుందని ఎదురుచూశాననుకో, నేనూ మనిషినే. ఆవిడ "ఆ రోజే అనుంటే చెయ్యుండేది కదా అయ్యగారూ" అంది. కోపంగా కూడా అనలేదు. అవునన్నాను. ఇంకేమనాలో నువ్వైనా చెప్పు.

కమిటీ ఆ సాయంత్రమే కూర్చుంది. నన్ను పనిలోంచి తీసేశారు. బల్ల కూడా ఆపారు. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేయాలి. మీ వదిన గిన్నెలు పాత పేపర్లలో చుడుతోంది. నీ పత్రికలు కూడా వాడేసింది, ఏమీ అనుకోకు. సున్నం వేయించు. తడి వాసన మీ వదినకి పడదు.

నిన్న ఆదివారం. ఇంట్లోనే ఉండిపొమ్మంది మీ వదిన. ఉండలేకపోయాను. మామూలు చొక్కా వేసుకుని వెళ్ళాను. పక్క సంఘం నుంచి తెచ్చిన కుర్ర పాస్టరు పుల్పిట్ మీద ఉన్నాడు, గొంతు బాగుంది. బల్ల ఆపినవాళ్ళు ఆఖరి బెంచీలో కూర్చోవాలి. ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు, అందరికీ తెలుసు. ఎంతమందిని అక్కడికి పంపానో, ఆ బెంచీ ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. అక్కణ్ణించి బల్ల కనిపించదు, స్తంభం అడ్డం.

ఇస్త్రీ ఆవిడ ఒక్కతే అక్కడ కూర్చుని ఉంది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. తల తిప్పలేదు. కాసేపటికి కొంచెం జరిగింది. నేను కూర్చోబోతుంటే, "ఆ పక్క కాదండీ, తగిలితే నొప్పి" అంది.

లేచి, వెనక నుంచి చుట్టూ తిరిగి, ఎడం పక్కకి వెళ్ళి కూర్చున్నాను.

నీ అన్నయ్య